‘పాజిటివ్’ అంటే ఎంత శాతం?

సంపాదకులకు,

65 ఏళ్లు దాటితే, రొమ్ము క్యాన్సర్‌కు గడ్డ మాత్రమే తీయించుకున్నాక రేడియేషన్ అక్కర్లేదన్న మాట వినిపిస్తోంది. అందరికీ కాదు. బ్రిటన్‌లోని ప్రైమ్-2 అనే వైద్య ప్రయోగంలో హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (క్యాన్సర్ కణాలపై హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఉండటం), 3 సెం.మీ. లోపు గడ్డ, చంక గ్రంథులకు పాకని జబ్బు ఉన్నవారినే తీసుకున్నారు. హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలూ ఇచ్చారు. పదేళ్లలో అదే రొమ్ములో తిరగబెట్టింది రేడియేషన్ లేనివారిలో 9.5 శాతం, ఉన్నవారిలో 0.9. ఆయుష్షులో తేడా లేదు. రిసెప్టర్ తక్కువున్నవారిలో మాత్రం తిరగబెట్టడం ఎక్కువ. ట్రిపుల్ నెగటివ్‌కైతే (రెండు హార్మోన్ రిసెప్టర్లూ, హెర్-2 అనే ప్రొటీనూ లేని రకం) ఈ మినహాయింపే లేదు. మాత్రలు మధ్యలో మానేస్తే ఈ లెక్కలు నమ్ముకోలేం!

ఈ ‘పాజిటివ్’ను తేల్చడంలో అసలు చిక్కు ల్యాబ్‌కు ముందే ఉంది. తీసిన గడ్డ ముక్క గంటలోపు 10 శాతం ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) పడాలి, 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఆలస్యమైతే పాజిటివ్ కాస్తా నెగటివ్‌గా కనిపించవచ్చు. రిపోర్టులో రిసెప్టర్ ఉన్న క్యాన్సర్ కణాల శాతం చూడండి: 1 నుంచి 10 ఉంటే అది ‘లో పాజిటివ్’, అంటే తక్కువ పాజిటివ్.

– ఒక రేడియేషన్ వైద్యుడు