చిన్నోడికి, ఆవకాయ పార్సిల్‌తో పాటు

చిరంజీవి చిన్నోడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ నిన్ననే ఆవకాయ కలిపింది. నూనె కారకుండా మూడు కవర్లు చుట్టాను. ఎర్ర గేదె ఈనింది, పెయ్యదూడ. రెండు శనివారాలుగా నీ ఫోన్ లేదు. పనిలో ఉన్నావనుకున్నాం.

మొన్న బుజ్జి పిన్ని వచ్చి శీనుగాడి ఫోన్‌లో నీ ఫొటో చూపించింది. ఒంటి మీద ఆకుల బొమ్మల బట్టలు, మొహానికి గుడ్డ, ఒళ్లో తుపాకీ. "మీవాడు మిస్సోరి అడవుల్లో టర్కీ కోళ్ల వేటకి పోతున్నాడంట బావా, అక్కడ బజార్లో కోడి దొరకదా?" అని నవ్వింది. మీ అమ్మ నవ్వలేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు. పక్కింటి కుర్రాడిని కూర్చోబెట్టి నెట్‌లో నాలుగు రోజులు చదివించుకున్నాను, అంతే.

నువ్వింకా హెచ్-1బి మీదే కదా. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరమట. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటేనే కుదురుతుందట. ఆ కాగితం జేబులో ఉందా? జిరాక్స్ ఒకటి ఇంట్లో పెట్టు. లాయర్‌ని కూడా ఓ మాట అడుగు, ఫీజు చూసుకోకు.

మన బోరు మళ్లీ ఎండింది. అది సరేలే.

చదివించుకున్నాక నాకూ కొంచెం ఆశ్చర్యమేసింది. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో టర్కీలు కొన్ని వేలే మిగిలితే, వలేసి పట్టి వేరే జిల్లాల్లో వదిలి పెంచారట. 1960లో మూడు రోజులు మాత్రం వేటకి తలుపు తీశారట. మన రోళ్లపాడు బట్టమేక పిట్టకి అంత ఓపిక ఎవరు పట్టారు? ఇంకో సంగతి. మామూలుగా పుంజు అరిస్తే పెట్టే దాని దగ్గరికి పోవాలట. నువ్వేమో పెట్టలా కూసి పుంజునే రమ్మంటున్నావు. అందుకే అది అరవై గజాల దూరంలో తోక విప్పుకుని నిలబడి, నువ్వే రావాలని చూస్తుంది. ఈలోపు నిజం పెట్టలు వచ్చి దాన్ని తోలుకుపోతాయి. నువ్వు దోమ కుట్టినా కదలకూడదు, దాని చూపు అలాంటిది. పదో తరగతిలో గంటసేపు కుదురుగా కూర్చోమంటే కూర్చున్నావా?

పిడుదులు చూసుకో. వీపు మీద తెల్లచుక్క ఉండే రకం కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుందట, మేక, గొర్రె, నాలుగు కాళ్ల జంతువు ఏదైనా సరే. సంక్రాంతికి వచ్చి మటన్ ముందు మొహం వేలాడేసుకుంటే మీ అమ్మ నన్నే తిడుతుంది. ప్యాంటు మేజోళ్లలోకి దోపుకో. ఇంటికి రాగానే చంకలు, చెవుల వెనక వెతుక్కో.

తాత పిక్కలో సీసం గుండ్లు నీకు గుర్తుండాలి. స్నానం చేసేటప్పుడు నీచేత తడిమించేవాడు. ముల్లు గుచ్చుకుందని నీకు చెప్పాం, అది అబద్ధం. 72లో వన్యప్రాణుల చట్టం రాకముందు మాట. తాత కౌజు కూత పెడితే కౌజులే మోసపోయేవి. నలుగురూ పంజరంలో కౌజుని పెట్టి పిలిపిస్తే, ఆయన ఉత్త నోటితోనే పిలిచేవాడు. ఒకరోజు తెల్లారకముందే చెరువు కట్ట కింద తుమ్మ పొదల్లో కూర్చుని మొదలుపెట్టాడు. ఎదురు కూత వచ్చింది. తాత ఇంకాస్త పెంచాడు. అదీ పెంచింది. అలా అరగంట. దగ్గరికి వస్తోందని తాత మురిసిపోయాడు. అది పిట్ట కాదు, మన దస్తగిరి మామ. నాటు తుపాకీతో పాకుతూ వచ్చి, పొద కదిలిన చోట పేల్చాడు. తర్వాత తాతని భుజాన వేసుకుని మూడు మైళ్లు ఏడుస్తూ మోసుకొచ్చింది కూడా ఆయనే. ఆ తర్వాత కూడా ఇద్దరూ ఒకే చుట్ట పంచుకున్నారు. కానీ తాత మళ్లీ కూత పెట్టగా నేను వినలేదు.

నీ వీడియో విన్నాను. పలక మీద పుల్లతో గీసి పెట్టలా కూస్తున్నావు. బాగుంది. నాకు నచ్చనిది కూడా అదే. నీ కూతకి పుంజు ఒక్కటే రాదు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుందట, ఆ రంగులు ఒంటి మీద వద్దు, లోపలి బనీను కూడా. మీ అమ్మ కొన్న నీలం మఫ్లర్ ఇంట్లోనే ఉంచు. భుజాల కంటే లావైన చెట్టుకి ఆనుకో. ఎవరైనా వస్తుంటే చెయ్యి ఊపకు, నోరు తెరిచి మనిషిలా గట్టిగా అరువు. ఎక్కడికి పోతున్నావో ఆ రూమ్మేట్‌కి చెప్పి పో.

నీకు తెల్లవారే వేళకి మాకు సాయంత్రం నాలుగు దాటుతుంది. ఈ మధ్య ఆ టైమ్‌లో టీ తాగబుద్ధి కావడం లేదు. ఎండలకేమో.

పార్సిల్‌లో ఆవకాయ కింద నారింజ రంగు తువ్వాలు ఉంది. కోడి పడితే దానికి చుట్టి మోసుకురా, దూరానికి కనపడాలి. ఇది నీకు అందేసరికి సీజన్ అయిపోతుందేమో. పారేయకు, వచ్చే ఏడాదికి ఉంటుంది. ఆవకాయ మాత్రం తడి చెంచా పెట్టకు.

మీ నాన్న