లైబ్రరీలో టీనేజ్ పిల్లల వేసవి కార్యక్రమాలు

అందరికీ నమస్కారం. సోమవారం నుంచి లైబ్రరీలో వేసవి కార్యక్రమాలు మొదలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఎవరైనా రావచ్చు.

ఏం చదవాలో పిల్లలే ఎంచుకుంటారు. కామిక్స్ కూడా చదువే, ఆడియో పుస్తకమూ చదువే. ఇంట్లో "అదీ ఒక పుస్తకమేనా?" అనకండి, ప్లీజ్. కామిక్స్ కావాలంటే 741.5 నంబరు ఉన్న అర చూడమనండి, పుస్తకాలకు విషయం వారీగా నంబర్లిచ్చి సర్దే డ్యూయీ పద్ధతిలో వాటి చోటు అదే. నచ్చని పుస్తకం మధ్యలో వదిలేసినా ఎవరూ అడగరు.

మధ్యాహ్నాలు చేతిపని. ముందు చిట్టి పత్రిక. ఒక్క ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే 8 గళ్లు వస్తాయి. పొడవునా ఉన్న నడిమి గీత మీద మధ్యలోని రెండు గళ్ల మేర మాత్రం కత్తిరించి మళ్లీ మడిస్తే, పిన్ను, జిగురు అక్కర్లేకుండా 8 పేజీల పుస్తకం. కత్తెర అంచుదాకా పోయిందా, చేతిలో రెండు ముక్కలే! పోయినేడాది నేను నాలుగు కాగితాలు పాడుచేశాక పిల్లలే నేర్పారు.

తర్వాతి వారం పాత పేపర్లో వార్తని మార్కర్‌తో కొట్టేస్తూ, మిగిల్చిన మాటలతో కవిత. ఇంకు కిందికి దిగుతుంది, పాత పేపర్లతో పాటు అట్టముక్కలు కూడా పంపండి.

పెద్దవాళ్లు గది బయటే ఉండాలి. పిల్లలు రాసింది వాళ్లు చూపిస్తేనే చూడండి.

పేర్లు ఆదివారం లోపు నాకు విడిగా మెసేజ్ చేయండి. పిల్లల వయసు, ఫోన్ నంబర్లు గ్రూప్‌లో పెట్టొద్దు.