ఊరికి నోరుండొద్దంటే ఎలారా

డాలస్ దగ్గర్నుంచి
జూన్ 12, 2025

ఒరే కిట్టూ,

నీ ఉత్తరానికి ఇంతకాలం జవాబు రాయలేదని అలిగుంటావు. అలగడం న్యాయమే. ఇక్కడ టెక్సస్ శాసనసభ సమావేశాలు జూన్ 2న ముగిసేదాకా మా ఆఫీసులో ఎవరికీ ఊపిరాడలేదు. ఇంట్లో అందరం క్షేమం, పాప ఈత నేర్చుకుంటోంది, అమ్మ కంటి ఆపరేషన్ అయ్యాక నువ్వు వెళ్లి చూసొచ్చావని అన్నయ్య చెప్పాడు, సంతోషం. మిగతా కబుర్లు తర్వాత. ఇది చెప్పందే నాకు నిద్ర పట్టేలా లేదు. సెనేట్ బిల్లు 19 చచ్చిపోయిందిరా! దిగువ సభ హౌస్‌లో ఓటింగుకే రాలేదు!

నీకేం అర్థమై ఉండదు. కానీ నువ్వు అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. "మునిసిపాలిటీ జనం పన్ను డబ్బుతో మనిషిని పెట్టుకుని, తన రాష్ట్ర ప్రభుత్వం దగ్గరే పైరవీ చేయించుకోవడమేమిట్రా?" అని రాశావు కదా. ఇక్కడ ఆ బిల్లు పెట్టినవాళ్లు అనేదీ అక్షరాలా అదే. నగరాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), స్కూలు డిస్ట్రిక్టులు పన్ను డబ్బుతో లాబీయిస్టును, అంటే శాసనసభ దగ్గర తమ తరఫున మాట్లాడే మనిషిని, పెట్టుకోకూడదని దాని సారాంశం. ఇది మొదటిసారి కాదు. 2019లో సెనేట్ బిల్లు 29గా వచ్చి హౌస్‌లో 58–85 ఓట్లతో ఓడింది. 2021లో వచ్చింది, 2023లో వచ్చింది, ఇప్పుడు మళ్లీ. ప్రతిసారీ సెనేట్ దాటడం, హౌస్‌లో ఆగిపోవడం. ఇంతటితో వదిలేస్తారని నేననుకోను. గవర్నర్ ప్రత్యేక సమావేశాలు ఎప్పుడైనా పిలవచ్చు, అజెండాలో ఏముండాలో కూడా ఆయనే నిర్ణయిస్తాడు. అందుకే ఈ సంతోషం పూర్తి సంతోషం కాదు.

నీ ప్రశ్నని తేలిగ్గా తీసుకోవట్లేదు, మొదట్నుంచీ చెప్తాను విను.

అమెరికా రాజ్యాంగంలో నగరం అన్న మాటే లేదు. మనకి మునిసిపాలిటీల కోసం 1992 నాటి 74వ సవరణ ఉంది, 12వ షెడ్యూల్లో 18 అంశాలు రాసి పెట్టారు. అవి ఎంతవరకు అమలవుతున్నాయో నీకే బాగా తెలుసు, అది వేరే గొడవ. ఇక్కడ ఆ కాగితం కూడా లేదు. నగరం రాష్ట్రం సృష్టించింది, రాష్ట్రం ఇచ్చిన అధికారమే దానికి ఉంటుందని 1868లో అయోవా జడ్జి జాన్ డిల్లన్ చెప్పిన సూత్రమే పునాది. టెక్సస్‌లో 5,000 జనాభా దాటిన ఊళ్లు సొంత చార్టర్ (ఊరి రాజ్యాంగం లాంటిది) రాసుకోవచ్చు, 1912 నుంచీ ఆ వీలుంది. అయినా శాసనసభ ఒక్క చట్టం చేస్తే చార్టర్‌లో రాసుకున్నది పక్కకి పోతుంది. ఆస్తి పన్ను సంగతే చూడు. ఏడాదికి ఆదాయం 8 శాతం దాకా పెరిగినా ఊరుకునేవాళ్లు, 2019లో దాన్ని 3.5కి దించారు. అది దాటితే నగరం ఎన్నిక పెట్టి జనం ఒప్పుకోలు తీసుకోవాలి.

సరే, ఆ శాసనసభ ఎలా నడుస్తుందంటే, రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులు. అంతే. 150 మంది హౌస్‌లో, 31 మంది సెనేట్‌లో. ఈసారి ఎనిమిది వేలకు పైగా బిల్లులు పడ్డాయి. 60వ రోజు, అంటే మార్చి 14, దాఖలుకి గడువు. చివరి వారంలో కుప్పలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఏ బిల్లులో ఏ పేజీలో మన నీటి బిల్లుల మీద, ఏ స్థలంలో ఏం కట్టచ్చో చెప్పే మన జోనింగ్ మీద, మన పోలీసు పింఛను మీద వాక్యం ఉందో ఎవరు చదవాలి? అసలు పని ఇదిరా కిట్టూ. సెనేటర్‌తో భోంచేసి చెవిలో ఊదడం కాదు. చదవడం, సమయానికి చదవడం.

హౌస్ కమిటీ బహిరంగ విచారణకి 5 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సెనేట్‌లో 24 గంటలు చాలు! ఆ 24 గంటల్లో మా ఫైనాన్స్ వాళ్ల దగ్గర అంకె పుట్టాలి, అటార్నీ చూడాలి, మాట్లాడే మనిషి ఆస్టిన్ చేరాలి. డాలస్ నుంచి కారులో కనీసం మూడు గంటల పైమాటే. ఎదురుగా కూర్చున్నాక రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఆ రెండు నిమిషాల్లో "ఇది మాకు అన్యాయం" అంటే ఎవడూ వినడు. "ఈ సెక్షన్‌లో ఈ మాట తీసి ఈ మాట పెట్టండి, లేకపోతే మాకు ఏడాదికి ఇంత ఖర్చు" అని కాగితం చేతికివ్వాలి. బిల్లు వల్ల పడే ఖర్చుని లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు లెక్క కట్టి ఫిస్కల్ నోట్ రాస్తుంది. నగరాలు తమ అంకె పంపకపోతే స్థానిక భారం అన్నచోట ఏమీ ఉండదు, ఇక సభలో అందరూ ఖర్చే లేదనుకుంటారు. చాలా నగరాలు నష్టపోయేది ఇక్కడే, లాబీయిస్టు చేతగానితనం వల్ల కాదు. అతను మధ్యాహ్నం అడిగితే సిటీ హాలు నుంచి అంకె మూడోనాడు వస్తుంది. రైలు కదిలాక టికెట్టు కొన్నట్టు.

ఇప్పుడు అసలు రుచి. టెక్సస్ రాజ్యాంగంలో మూడో అధికరణం 56వ సెక్షన్ ప్రకారం ఒక్క ఊరి పేరు పెట్టి చట్టం చేయడం మామూలుగా కుదరదు. అందుకని జనాభా అంకె పెడతారు. దాన్ని ఇక్కడ బ్రాకెట్ అంటారు. ఈసారి సెనేట్ బిల్లు 15 చూడు: 3,00,000 జనాభా దాటిన కౌంటీలో, 1,50,000 జనాభా దాటిన నగరంలో, ఇంకా ప్లాట్లుగా విడగొట్టని 5 ఎకరాలు, ఆపైన భూమిలో కొత్తగా ఇళ్లు వేస్తే, ఒక్కో ఇంటికి 3,000 చదరపు అడుగులకి మించిన స్థలం ఉండాలని నగరం పట్టుబట్టకూడదు. మన లెక్కలో 333 గజాలు. రెండు సభలూ దాటింది. గవర్నర్ వీటో చేయాలంటే జూన్ 22 దాకా గడువు, చేయడనే అందరి అంచనా. వాణిజ్య స్థలాల్లో అపార్టుమెంట్లకి దారి తెరిచే సెనేట్ బిల్లు 840కీ అదే బ్రాకెట్. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, మనవాళ్లు ఇళ్లు కొన్న ఊళ్లన్నీ లోపల. పక్కనే ఉన్న అలెన్ బయట! ఎందుకంటే జనాభా అంటే ఇవ్వాళ్టి జనాభా కాదు, చివరి జనగణన అంకె అని చట్టంలో నిర్వచనం ఉంది. 2020లో ఫ్రిస్కో 2,00,000 దాటింది, అలెన్ 1,00,000 దాటి కొంచెం పైన ఆగింది. ఒక్క అంకె కోసం నగరాల మనుషులు పోట్లాడేది అందుకే. ఇళ్లు చవక కావాలని శాసనసభ్యులు అనుకోవడం తప్పని నేననను. పిల్లలకి ఇల్లు అందాలి. కానీ మురుగు కాలువ గొట్టం ఎన్ని ఇళ్లకి వేశామో తెలిసినవాడి మాట ఆ గదిలో ఒక్కసారైనా వినపడాలా వద్దా? యూజీడీ (భూగర్భ మురుగు కాలువ) పనులు చేయించినవాడివి, నువ్వే చెప్పు.

ఇంకోటి, ఈ లాబీయిస్టుని ఎలా పెట్టుకుంటారని అడిగావు. మామూలుగా ఆర్‌ఎఫ్‌క్యూ, అంటే మీ అర్హతలు చూపండని ప్రకటన, పిలుస్తారు. కౌన్సిల్ బహిరంగ సమావేశంలో ఒప్పందం ఆమోదిస్తుంది. మధ్యతరహా నగరాల కాంట్రాక్టుల్లో నెలకి 5,000, 7,500, 10,000 డాలర్లలాంటి అంకెలు కనిపిస్తాయి. బిల్లు గెలిపిస్తే ఇంత అని పందెం కట్టకూడదు, టెక్సస్ చట్టం నిషేధిస్తుంది. అది మంచి నిబంధన, మన దగ్గరా... సరే అది వదిలెయ్. ఒప్పందంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే సంస్థకి ఇంకెవరు కక్షిదారులున్నారన్నది. పొద్దున నగరం తరఫున జోనింగ్ బిల్లుని వద్దనేవాడు, మధ్యాహ్నం బిల్డర్ల తరఫున కావాలంటే ఎలా? జాబితా రాసి ఇవ్వమనాలి, కొత్త కక్షిదారుడు వచ్చినప్పుడల్లా రాసి చెప్పమనాలి. ఇక వారం వారం ఇచ్చే నివేదికలో వంద బిల్లుల పేర్లు ఉంటే అది పనికిరాని నివేదిక. "ఈ వారం నువ్వు చేయాల్సింది ఇదీ" అని నాలుగు లైన్లుంటే చాలు.

ఇంతా చేసి, ముందు ఏడాది శరదృతువులో కౌన్సిల్ తన శాసన అజెండా తీర్మానం చేయకపోతే అంతా వృథా. ఏది కావాలి, ఏది వద్దు, ఏది గమనిస్తే చాలు అని మూడు రకాలుగా రాసుకోవాలి. అది లేని ఊళ్లో మేయర్ ఒకటంటాడు, కౌన్సిలర్ విడిగా ఆస్టిన్ వెళ్లి ఇంకోటంటాడు. రెండు మాటలు వినపడ్డ రోజు ఎమ్మెల్యే (ఇక్కడ రిప్రజెంటేటివ్ అంటారులే) తలుపు మూసేసుకుంటాడు.

వాషింగ్టన్ (కేంద్ర ప్రభుత్వం) సంగతి చెప్పకపోతే నీ అసిస్టెంట్ ఇంజనీర్ బుర్ర ఊరుకోదు, గ్రాంట్ల మనిషివి కదా. అక్కడ లెక్క వేరు. 1995 నాటి లాబీయింగ్ చట్టం కింద బయటి లాబీయింగ్ సంస్థ 45 రోజుల్లో నమోదు చేసుకోవాలి, మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 20 రోజుల్లో నివేదిక పెట్టాలి. ఏ నగరం, ఏ అంశం, ఏ సభ, ఎంత డబ్బు (దగ్గరి 10,000 డాలర్లకి సవరించి), అన్నీ సెనేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడచ్చు. నగరం సొంత ఉద్యోగి వెళ్లి మాట్లాడితే ఈ నమోదు అక్కర్లేదు. ఫీజు మాత్రం ఫెడరల్ గ్రాంటు డబ్బులోంచి ఒక్క డాలరు కూడా కట్టకూడదు, 1989 నుంచీ ఉన్న నిషేధం అది. లక్ష డాలర్లు దాటిన గ్రాంటు తీసుకునేటప్పుడు ఆ మేరకు సంతకం పెట్టాలి.

ఇప్పుడు కడుపు మండే విషయం. 2011లో ఆపేసిన ఇయర్‌మార్కులు 2021లో తిరిగొచ్చాయి. అంటే కాంగ్రెస్ సభ్యుడు తన నియోజకవర్గంలో ఒక పని పేరు పెట్టి డబ్బు అడగడం, మీ ఎంపీ ల్యాడ్స్‌లాంటిది కాదు, ప్రతి పనీ బడ్జెట్ చట్టంలో పడాలి. మొదట కాంగ్రెస్ దిగువ సభ సభ్యుడికి 10 పనులు, తర్వాత 15. ప్రతి అభ్యర్థననీ వెబ్‌సైట్‌లో పెట్టాలి, తనకీ కుటుంబానికీ అందులో డబ్బు లాభం లేదని సభ్యుడు రాసివ్వాలి, ఊరి మద్దతు లేఖలు జతపరచాలి. లాభం కోసం నడిచే కంపెనీకి ఇవ్వరు. నీళ్లు, మురుగునీటి పనులకి కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ ద్వారా వచ్చేదానిలో నగరం వాటా 20 శాతం. ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. 10,00,000 డాలర్లు గ్రాంటు వస్తే వాటా 2,00,000 అనుకుంటారు. కాదు. 20 శాతం మొత్తం ఖర్చు మీద, అంటే మొత్తం 12,50,000, నగరం పెట్టేది 2,50,000. ఆ తేడా 50,000 బడ్జెట్లో లేక పని ఆగుతుంది. పర్యావరణ సమీక్ష కాకముందే టెండరు పిలిచి ఇరుక్కునేవాళ్లు కొందరు. ఇనుము అమెరికాలో తయారైనదే వాడాలన్న నిబంధన చూడకుండా గొట్టాలు కొనేవాళ్లు కొందరు.

ఇన్నీ సరిగ్గా చేసిన ఊళ్లు కూడా ఉన్నాయి. ఇంజనీర్ల అంచనాలు, వాటా తీర్మానాలు, మద్దతు లేఖలు, 2024 వసంతంలో అన్నీ పంపి ఏడాది ఎదురుచూశాయి. ఈ మార్చి 14న కాంగ్రెస్ పాత బడ్జెట్‌నే ఏడాది మొత్తానికి పొడిగించేసింది. ఆ 2025 ఇయర్‌మార్కులన్నీ ఒక్క సంతకంతో పోయాయి. దేశం మొత్తం మీద. చిన్న ఊళ్లలో తాగునీటి గొట్టాలు, అగ్నిమాపక కేంద్రాలు... ఎవరి తప్పూ లేకుండా. మళ్లీ మొదట్నుంచీ అడగాలి. ఆ ఊళ్లకి గుర్తుపెట్టుకుని తిరిగి అడిగే మనిషి కూడా ఉండకూడదంటే, చెప్పు, ఎంత అన్యాయం?

ఆ బిల్లు పెట్టినవాళ్ల వాదనలో నిజం లేదనట్లేదు. పన్ను తగ్గించమని అడిగే పౌరుడి మీద అతని పన్నుతోనే వాదించడం బాగోలేదు, ఒప్పుకుంటాను. దానికి మందు నిషేధం కాదురా, వెలుగు. ఎంత ఖర్చు పెట్టారో టెక్సస్ నగరాలు ఇప్పటికే బడ్జెట్లో విడిగా చూపాలి, 2019 నుంచీ. కౌన్సిల్ ఓటు, అజెండా, కక్షిదారుల జాబితా, అన్నీ జనం ముందు పెట్టాలి. నిషేధిస్తే ఏమవుతుందంటే, డాలస్, హ్యూస్టన్ లాంటివి సొంత ఉద్యోగుల్ని పంపుకుంటాయి, వాళ్లకి జీతాలిచ్చే శక్తి ఉంది. అయిదారు వేల జనాభా ఊళ్లే మూగబోతాయి. బిల్డర్లు, కరెంటు కంపెనీలు, టెలికాం వాళ్లు మాత్రం ఆ వరండాల్లోనే ఉంటారు, వాళ్లనెవరూ ఆపరు.

మన వైపు పద్ధతి వేరు, తెలుసు. ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు సూత్రం ప్రకారం వస్తుంది, మిగిలిందానికి కమిషనరు డీపీఆర్ (ప్రాజెక్టు వివర నివేదిక) పట్టుకుని రాష్ట్ర మునిసిపల్ శాఖ సీడీఎంఏ ఆఫీసు మెట్లెక్కాలి, లేదా ఎమ్మెల్యే గారి దయ. నమోదు లేదు, నివేదిక లేదు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో కాగితమ్మీద ఎక్కడా ఉండదు. నీ టౌన్ గురించి నువ్వు రాసిన ఆ పంపింగ్ స్టేషన్ ఫైలు ఎక్కడాగిందో నీకే తెలియదన్నావు చూడు, అది చదివినప్పుడు నాకు... దాని గురించి విడిగా రాస్తాను, చాలా ఉంది. నీ డీపీఆర్‌లో నిర్వహణ ఖర్చు పేజీ ఒక్కటి నాకు పంపు, అందులో విద్యుత్తు లెక్క నాకు అనుమానంగా ఉంది, మోటారు సామర్థ్యం ఎంత పెట్టా

కింద కారు హారన్ కొడుతున్నారు, పాపని ఈతకి తీసుకెళ్లే టైమైపోయింది. సుబ్బలక్ష్మి గారిని అడిగానని చెప్పు. కోటప్పకొండ బాకీ మర్చిపోలేదు.

నీ
రాంబాబు