ఆఫ్రికా ఫాంటసీ కథలు తెలుగులోకి రావాలి

సంపాదకుడు గారికి,

నైజీరియా, ఘనా జానపద కథల్లోంచి పుట్టిన ఫాంటసీ నవలల్ని ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇష్టంగా చదువుతున్నారు. తెలుగులో చదువుకునే పిల్లలకు అవి అందడం లేదు. పెద్దవాళ్లను అడిగితే ‘దయ్యాల కథలేగా’ అని తీసిపారేస్తారు. ఈ చిన్నచూపు నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఆ కథల్లో ఉన్నది చరిత్ర.

1803లో అమెరికాలోని జార్జియా తీరంలో జరిగింది చూడండి. బానిసలుగా అమ్ముడుపోయిన ఇగ్బో ప్రజలు (ఇప్పటి నైజీరియా ప్రాంతం వాళ్లు) సెయింట్ సైమన్స్ దీవికి వెళ్లే పడవలో తిరగబడ్డారు. ఒడ్డు చేరాక, తోటల్లో చాకిరీకి వెళ్లకుండా వాగులోకి నడిచారు. కొందరు మునిగి చనిపోయారు. వ్యాపారులకు అది సరుకు నష్టం. ఆ తీరంలోని నల్లజాతి కుటుంబాల్లో చెప్పుకున్న కథ వేరు: వాళ్లు మునగలేదు, గాల్లోకి లేచి ఆఫ్రికాకు ఎగిరిపోయారు. అలా ఎగిరిపోయినవాళ్ల కథలు అక్కడి ముసలివాళ్లు 1930లలో కూడా చెబుతుంటే సేకరించి అచ్చువేశారు. బానిసలకు చదువు చెప్పడమే నేరమైన ఆ నేలలో, తాతలు ఏమయ్యారో మనవళ్లకు చెప్పడానికి వాళ్లకు మిగిలింది కథ ఒక్కటే. ఇవాళ్టి నవలల్లో మనుషులు ఎగిరితే మనం వింత అనుకుంటాం. ఆ ఎగరడం వెనక ఈ వాగు ఉంది.

అనాన్సీ సంగతీ అంతే. ఘనాలోని అకాన్ ప్రజల కథల్లో సాలెపురుగు అతను. బానిసల ఓడల్లో వెళ్లినవాళ్లతో జమైకా చేరాడు. అక్కడ తనకన్నా ఎంతో బలమైన పులిని తెలివితో బోల్తా కొట్టిస్తాడు. చెరకు తోటల్లో కొరడా దెబ్బలు తిన్నవాళ్లు ఆ కథను ఎందుకంత ప్రేమగా దాచుకున్నారో వేరే చెప్పాలా?

ఇది కొత్త ఫ్యాషన్ కూడా కాదు. నైజీరియా రచయిత డి.ఓ. ఫగున్వా 1938లోనే, భూతాల అడవిలోకి వెళ్లిన వేటగాడి నవలను తన యొరుబా భాషలో రాశారు. తర్వాత అదే దేశపు నోబెల్ రచయిత వోలే షోయింకా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు.

అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన అనువాదం ‘ఏడు తరాలు’ చదివి, ఆఫ్రికా నుంచి బానిసగా అమెరికా చేరిన కుంటా కింటే కోసం కన్నీళ్లు పెట్టుకున్న పాఠకులు మనవాళ్లే. నిజాం కాలపు ఆఫ్రికా అశ్వదళం పేరు హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌కు ఇప్పటికీ ఉంది. ఆ ఆఫ్రికా సంతతివాళ్లైన సిద్దీల మర్ఫా వాద్యానికి మన పెళ్లి బరాత్‌లలో చిందులేస్తాం. ఆ మనుషుల పూర్వీకుల ఖండంలో పుట్టిన కథలు మన పిల్లలకు పరాయివి ఎలా అవుతాయి?

ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు కొనడం అవసరమే, కాదనను. కొంత భాగం ఇలాంటి అనువాదాలకూ పెట్టాలి. పిల్లల కోసమని ఓడల సంగతి, కొరడాల సంగతి తీసేసి కుదించకూడదు. మంచి అనువాదం వస్తే ఇన్ని ప్రతులు కొంటామని జిల్లా గ్రంథాలయ సంస్థలు ముందే హామీ ఇస్తే, చిన్న ప్రచురణకర్తలు కూడా ధైర్యం చేస్తారు. రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలు ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం