కాల్చగా మిగిలిన కాగితాలు

ఒరేయ్ మురళీ,

ఫోన్లో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఈ ఉత్తరం. "ఆఫ్రికా వదిలి పోతూ పోతూ బ్రిటిష్ వాళ్ళు కాగితాలన్నీ తగలబెట్టేసి పోయారంటావు. మరి వాళ్ళ పాలన గురించి ఇన్ని సంగతులు చరిత్రకారులకి ఎలా తెలిశాయి? సగం కల్పనేమో!" అన్నావు కదా. కల్పన కాదురా. ఆఫ్రికా అంతా ఒక ఉత్తరంలో పట్టదు గానీ, కెన్యా ఒక్కటీ తీసుకుంటే ఈ పని ఎలా సాగుతుందో, ఎక్కడ తప్పటడుగు పడుతుందో బాగా తెలుస్తుంది.

నేపథ్యం క్లుప్తంగా చెప్తా. ఎత్తు ప్రాంతాల్లోని మంచి భూములు తెల్ల రైతులవయ్యాయి. భూమి పోయిన కికుయు జనంలోంచి మౌ మౌ తిరుగుబాటు పుట్టింది. 1952 అక్టోబర్ 20న గవర్నర్ ఈవ్లిన్ బారింగ్ ఎమర్జెన్సీ ప్రకటించాడు, అది 1960 జనవరి దాకా సాగింది. నిర్బంధ శిబిరాలు, ఉరికొయ్యలు, ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి ముళ్ళకంచెల మధ్య కొత్త గుడిసెల్లోకి తోలడం, అన్నీ ఈ ఎనిమిదేళ్ళ లోపలే. 1963 డిసెంబర్ 12న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

ఇక తగలబెట్టడం సంగతి. అదేదో కంగారులో చేసిన పని అనుకోకు, దానికో పద్ధతి ఉంది. 1961 మేలో వలసల మంత్రి ఇయాన్ మాక్లౌడ్ లండన్ నుంచి ఆదేశాలు పంపాడు. బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టేవి, పోలీసుల్ని, సైన్యాన్ని, ఉద్యోగుల్ని, వేగులవాళ్ళని బయటపెట్టేవి, రాబోయే ప్రభుత్వంలో మంత్రులు 'అనుచితంగా' వాడుకోగలిగేవి, ఇవేవీ కొత్తవాళ్ళ చేతికి పోకూడదు. దాంతో ఆఫీసుల్లో కాగితాలు రెండు కుప్పలయ్యాయి. అప్పజెప్పదగ్గవి 'లెగసీ', దాచాల్సినవి 'వాచ్'. వాచ్ కాగితం మీద డబ్ల్యూ అక్షరం ముద్ర పడేది. వాటిని ముట్టుకునే అర్హత ఐరోపా సంతతికి చెందిన బ్రిటిష్ పౌరుడికి మాత్రమే. కెన్యా ఆఫీసుల్లో గుమాస్తాలుగా మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉండేవారు. ఏళ్ళ తరబడి ఆ ఫైళ్ళు మోసినా ఈ పనికి మాత్రం వాళ్ళు పనికిరాలేదు.

కాల్చడానికీ నియమాలున్నాయి. కాగితం పూర్తిగా బూడిద కావాలి, ఆ బూడిదని మళ్ళీ నలగ్గొట్టాలి. సముద్రంలో పారేస్తే బరువు కట్టిన పెట్టెల్లో, తీరానికి వీలైనంత దూరంగా, లోతైన, ప్రవాహం లేని చోట. వరసలోంచి ఒక్క వాచ్ ఫైలు తీసేస్తే ఖాళీ కనపడకుండా ఆ స్థానంలో ఒక ఉత్తుత్తి ఫైలు తయారుచేసి పెట్టాలి. మిగిలే లెగసీ ఫైళ్ళలో వాచ్ అన్న మాటే ఎక్కడా దొర్లకూడదు. ఇంత జాగ్రత్త ఎందుకంటే 1947లో ఢిల్లీలో కాగితాలు కాలుస్తుంటే లేచిన పొగ అందరి కంటా పడి అల్లరైంది, అది వాళ్ళు మర్చిపోలేదు.

ఇక్కడే ఉంది కిటుకు. కాల్చమన్న ఉత్తరువు కూడా కాగితమే! దానికీ నకళ్ళుంటాయి, అందిందని జవాబులుంటాయి. ఏ ఆఫీసైనా తన పని తాను రాసిపెట్టుకోకుండా ఉండలేదు, కాల్చే పనైనా సరే. పైగా అప్పట్లో ఒక రహస్య నివేదిక తయారైతే అది ఒక్కచోట ఆగదు. నైరోబీ సచివాలయంలో ఒకటి, లండన్ వలసల శాఖకి ఒకటి, సైన్యం ప్రధాన కార్యాలయానికి ఒకటి, సంగతిని బట్టి జిల్లా కమిషనర్‌కి ఇంకొకటి. నైరోబీ కాపీని బూడిద చేసినా మిగతావి ఉండిపోతాయి. అందుకని పరిశోధకుడు ముందు చూసేది కాగితం చివర 'ప్రతులు వీరికి' అని ఉండే వరస. అందులో ఉన్న ప్రతి పేరూ వెతకాల్సిన ఇంకో చిరునామా.

రెండోది ఫోలియో నంబర్లు. ఫైల్లో కాగితాలకి వరసగా అంకెలుంటాయి. 41 తర్వాత 44 వచ్చిందంటే రెండు కాగితాలు పోయాయన్నమాట. ఫైలు ముందుభాగంలో అధికారులు ఒకరికొకరు రాసుకునే నోట్లు ఉంటాయి. అందులో "42 చూడండి, ఆసుపత్రి డాక్టర్ అభ్యంతరం చెప్పాడు" లాంటి వాక్యం దొరికితే, పోయిన కాగితం దేని గురించో తెలిసిపోతుంది. దాన్ని పట్టుకుని లండన్ కాపీ కోసం వెళ్ళాలి. అన్నిసార్లూ దొరకదు. దొరకనప్పుడు "ఇక్కడ ఒక కాగితం ఉండేది, అది ఫలానా విషయం మీద" అని మాత్రమే రాయాలి, లోపల ఏముందో ఊహించి రాస్తే పరువు పోతుంది.

ఇక అసలు కథ. కాల్చనివాటిని ఇంగ్లండ్ తరలించారు. కెన్యావి దాదాపు 1,500 ఫైళ్ళు, 300 పెట్టెలు. 1967లో కెన్యా తిరిగి ఇమ్మని అడిగితే కుదరదన్నారు. ఆ తర్వాత అవెక్కడున్నాయో బయటికి తెలియలేదు. 2009లో శిబిరాల్లో హింసపడ్డ ఐదుగురు కెన్యా వృద్ధులు లండన్ హైకోర్టులో బ్రిటిష్ ప్రభుత్వం మీద దావా వేశారు. అందులో నిపుణులుగా ముగ్గురు చరిత్రకారులు నిలిచారు: కారొలైన్ ఎల్కిన్స్, డేవిడ్ ఆండర్సన్, హ్యూ బెనెట్. తరలింపు గురించి అధికారులు రాసుకున్న పాత ఉత్తరాల ఆధారంగా ఆండర్సన్ కోర్టుకి లెక్క చెప్పాడు: ఇన్ని ఫైళ్ళు, ఇన్ని పెట్టెలు, షెల్ఫు మీద ఇన్ని అడుగులు. "అవి మీ దగ్గరే ఉండాలి, చూపించండి" అన్నమాట. అంకెతో సహా అడిగితే తప్పించుకోవడం కష్టం. 2011లో విదేశాంగ శాఖ ఒప్పుకుంది: మిల్టన్ కీన్స్ దగ్గర హాన్‌స్లోప్ పార్క్ అనే కట్టుదిట్టమైన ప్రభుత్వ స్థలంలో ఉన్నాయని. కెన్యావి మాత్రమే కాదు, 37 పాత వలసలవి, 8,800 ఫైళ్ళు! ఇవి 2012, 2013 సంవత్సరాల్లో విడతలుగా లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్‌కి చేరాయి. వాటి వరస పేరు ఎఫ్‌సీఓ 141.

ఆ పెట్టెల్లో దొరికిన వాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా భయంకరమైనది కెన్యా అటార్నీ జనరల్ ఎరిక్ గ్రిఫిత్-జోన్స్ 1957 జూన్‌లో గవర్నర్‌కి రాసిన ఉత్తరం. శిబిరాల్లో కొట్టడాన్ని చట్టబద్ధం చేసే ఏర్పాటు అది. ప్లీహం, కాలేయం, మూత్రపిండాల మీద దెబ్బలు పడకూడదు, కొట్టేవాడు ఆవేశపడకుండా నిబ్బరంగా ఉండాలి అని వివరంగా రాసి, మనం పాపం చేయాల్సే వస్తే చప్పుడు కాకుండా చేయాలి అన్నాడు. "కింది ఉద్యోగులెవరో అతి చేశారు" అన్న పాత సమర్థన ఈ ఒక్క ఉత్తరంతో కూలిపోయింది. హింస జరిగిందని ఎల్కిన్స్ పుస్తకం 2005లోనే చెప్పింది. అది పైనుంచి వచ్చిన విధానమని కోర్టు ముందు నిలబెట్టడానికి ఇలాంటి కాగితాలు పనికొచ్చాయి.

ఒక ఆధారాన్ని ఇంకోదానితో ఎలా సరిచూస్తారో హోలా శిబిరం చెప్తుంది. 1959 మార్చి 3న 88 మంది ఖైదీల్ని పనికి తోలారు. పని చేయబోమన్నవాళ్ళని కొట్టారు. 11 మంది చచ్చిపోయారు. మొదట ప్రభుత్వ ప్రకటన ఏమంటే, నీళ్ళబండిలో నీళ్ళు తాగిన తర్వాత చనిపోయారని. శవపరీక్షలో గాయాలు బయటపడ్డాయి, దాంతో మేజిస్ట్రేట్ విచారణ జరిగింది. పని చేయనంటే బలవంతంగా చేయించాలన్న 'కోవన్ పథకం' బయటికొచ్చింది. ఒకే సంఘటన మీద ప్రకటన, వైద్యుడి నివేదిక, విచారణ రికార్డు, పార్లమెంటు చర్చ, ప్రాణాలతో మిగిలినవాళ్ళ మాట, ఇన్ని ఉన్నాయి కాబట్టి అబద్ధం ఏ పూట పుట్టిందో కూడా చూపించగలం. అన్ని శిబిరాలకీ ఇంత అదృష్టం లేదు. ఎవరూ లండన్‌లో ప్రశ్న అడగని చోట్ల బతికినవాళ్ళ మాటే దిక్కు.

ఇప్పుడు అంకెలు. గొడవంతా ఇక్కడే. ఉరితీసినవాళ్ళ సంఖ్య మీద వాదం లేదు: 1,090. ఆండర్సన్ ప్రత్యేక కోర్టుల రికార్డుల్ని ఒక్కో కేసుగా చదివి తేల్చాడు. మరణశిక్షకి విచారణ, తీర్పు, అప్పీలు అన్నీ రాతపూర్వకంగా ఉండాలి కదా, అందుకే అది గట్టి లెక్క. ఉరిపడినవాళ్ళలో సగానికి మించి హత్య చేసినవాళ్ళు కారు. ఆయుధమో తూటానో దగ్గరున్నా, తిరుగుబాటుదారులతో తిరిగినా ఉరే.

నిర్బంధితుల లెక్క అంత తేలిక కాదు. ప్రభుత్వం 80,000 అంది. ఎల్కిన్స్ 1,60,000 నుంచి 3,20,000 దాకా ఉండొచ్చంది. ఇంత తేడా ఏమిటంటే, సర్కారు పత్రాల్లో ఉన్నది ఏ రోజుకా రోజు లోపల ఉన్నవాళ్ళ సంఖ్య. సిటీ బస్సులో ఎప్పుడు చూసినా యాభై మందే కనపడతారు, కానీ రోజంతా ఎక్కి దిగినవాళ్ళు యాభై మందే అనలేం కదా. వచ్చినవాళ్ళు, విడుదలైనవాళ్ళు, ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మారినవాళ్ళు, వీళ్ళని విడదీయాలి. శిబిరం మారినవాణ్ణి కొత్తవాడనుకుంటే లెక్క ఉబ్బిపోతుంది.

చచ్చిపోయినవాళ్ళ దగ్గరికొస్తే ఎల్కిన్స్ కాలు జారిందనే నా అభిప్రాయం. 1948, 1962 జనాభా లెక్కల్ని పోల్చి, కికుయుల పెరుగుదల పక్క తెగలైన కంబా, లువో, లుయ్యాల కంటే తక్కువగా ఉందని చూపించింది. వాళ్ళలాగే పెరిగుంటే ఉండాల్సినవాళ్ళలో 1,30,000 నుంచి 3,00,000 మంది కనిపించడం లేదంది. ఈ పద్ధతిలో రెండు లోపాలు. మొదటి లెక్కలో ఒక తెగని తక్కువగా రాసుకుని రెండో లెక్కలో సరిగ్గా రాస్తే, ఆ తెగ దొంగ పెరుగుదల చూపిస్తుంది. పైగా అన్ని తెగలకీ పుట్టుకల రేటు ఒకటే అనుకోవడానికి వీల్లేదు. జనాభా శాస్త్రవేత్త జాన్ బ్లాకర్ 2007లో దీన్ని మళ్ళీ పరిశీలించి, అదనపు మరణాలు 50,000 దాకా ఉంటాయని, అందులో సగం పదేళ్ళలోపు పిల్లలని తేల్చాడు. "చూశావా, ఎక్కువ చెప్పింది" అని దీన్నే పట్టుకుని ఎగిరేవాళ్ళున్నారు. వాళ్ళు పిల్లల సంగతి దాటేస్తారు. పసిపిల్లల్ని చంపింది తూటాలు కాదు, కంచెల ఊళ్ళలో ఆకలి, రోగం. పది లక్షల మందిని అలా కుక్కితే ఏమవుతుంది మరి!

నోటి సాక్ష్యం మీద నీకు అనుమానం అన్నావు. ఉండాల్సిందే. ఎల్కిన్స్ దాదాపు 300 మందితో మాట్లాడింది, దాని మీద విమర్శలూ వచ్చాయి. యాభై ఏళ్ళ తర్వాతి జ్ఞాపకంలో తారీఖులు కలిసిపోతాయి, విన్నది చూసినట్టు అనిపిస్తుంది, పరిహారం మాట వినపడితే చెప్పే తీరు మారుతుంది. అందుకని ముందు తారీఖు అడగరు. ఏ శిబిరం తర్వాత ఏ శిబిరం, ఏం పని చేయించారు, అక్కడి తెల్ల అధికారికి ఖైదీలు పెట్టుకున్న పేరేమిటి అని అడుగుతారు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఒకే శిబిరం గురించి ఒకే సంగతి చెప్తే అప్పుడు ఫైల్లో వెతుకుతారు. ఇంకో ప్రమాదం, ఒక పక్షాన్నే వినడం. హోమ్ గార్డులుగా ప్రభుత్వం వైపు పోరాడిన కికుయులూ ఉన్నారు. 1953 మార్చి 26న లారి అనే ఊళ్ళో మౌ మౌ వాళ్ళు ఆడవాళ్ళు, పిల్లలు సహా 70 మందికి పైగా చంపారు. వెంటనే ప్రతీకారంగా ఇంకెంతోమందిని చంపారు, సర్కారు కథలో ఆ రెండో భాగం ఉండదు. కెన్యా చరిత్రకారుడు బెత్వెల్ ఒగోట్ ఎల్కిన్స్‌ని తప్పుపట్టింది మౌ మౌ హింసని ఆమె పట్టించుకోలేదనే. అది న్యాయమైన మాటే.

దావా ఏమైందంటావా? 2013 జూన్‌లో విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటులో విచారం వ్యక్తం చేసి, 5,228 మందికి ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామన్నాడు. చట్టపరమైన బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు. తర్వాత 40,000 మంది వేసిన దావా 2018లో కొట్టేశారు. మరీ పాత సంగతులు, నిష్పక్షపాతంగా విచారించలేమని. కాగితాలు దాదాపు యాభై ఏళ్ళు దాచినవాళ్ళకే ఆ ఆలస్యం లాభించిందని నా కడుపుమంట.

నువ్వే చూడాలనుకుంటే ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు. క్యూ ఆర్కైవ్స్ కేటలాగు ఆన్‌లైన్‌లో ఉచితం. ఎఫ్‌సీఓ 141 ఒక్కటే చూసి ఆగిపోకు, చాలామంది చేసే పొరపాటు అదే. పక్కనే సీఓ 822, అంటే తూర్పు ఆఫ్రికా మీద వలసల శాఖ కాగితాలు, డబ్ల్యూఓ 276, అంటే అక్కడి సైన్యం కాగితాలు పెట్టుకుని తారీఖుల వారీగా కలిపి చదవాలి. జిల్లా స్థాయి రిపోర్టులు నైరోబీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి (ఆ భవనం ఒకప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇండియాది, తెలుసా?). వాటి మైక్రోఫిల్ములు అమెరికాలో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో దొరుకుతాయి. బదిలీ అయ్యే జిల్లా కమిషనర్ తర్వాత వచ్చేవాడికి రాసే అప్పగింత నోట్ అన్నిటికంటే నిజాయితీగా ఉంటుంది, ఎందుకంటే అది లండన్ చదవదని వాడికి తెలుసు.

ఇంకోటి, నీకు ఆసక్తిగా ఉంటుందని చెప్తున్నా. 1952 చివర్లో కెన్యాలోని కపెంగురియాలో, మౌ మౌని నడిపాడన్న కేసులో కెన్యా నాయకుడు జోమో కెన్యాట్టా తరఫున వాదించిన డి.ఎన్. ప్రిట్ అనే బ్రిటిష్ లాయరు, అంతకు ముందే తెలంగాణ సాయుధ పోరాటంలో మరణశిక్ష పడినవాళ్ళ తరఫున మన సుప్రీం కోర్టులో వాదించాడు. ఆ కేసు పేరు జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం, తీర్పు నెట్‌లోనే ఉంది. చదివి ఎలా ఉందో రాయి. కాంగో గురించి అడిగిందానికి ఇంకో ఉత్తరం కావాలి, ఈ చెయ్యి కాస్త ఊరుకున్నాక.

నీ
రఘు