ప్రీ-బుకింగ్ ఆపేశాం, డిస్కుల ఎక్స్ఛేంజ్ మాత్రం ఆగదు

హనుమకొండ చౌరస్తా దగ్గరి మన గేమ్స్ షాపుకు ఏళ్ల తరబడి వస్తున్న అందరికీ నమస్కారం. దసరాకు ముందు జరిగిన దాని గురించి బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు. షాపు ఎత్తేస్తున్నామని కొందరు, బుకింగ్ పైసలు మునిగాయని కొందరు. రెండూ నిజం కాదు. ఏం జరిగిందో, ఇక ముందు ఏం ఉంటుందో నేనే చెబుతాను.

సెలవుల్లో ఆడుకోవడానికని చాలామంది పీఎస్5 (టీవీకి పెట్టి ఆడే ప్లేస్టేషన్ 5 మెషీన్) కొత్త ఫుట్‌బాల్ గేమ్ డిస్కుకు అడ్వాన్స్ కట్టారు. హైదరాబాద్‌లో మాకు సరుకు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్‌కు నేను మొత్తం డబ్బు ముందే పంపాను. ఆర్టీసీ కార్గోలో పార్సెల్ దిగింది. పరకాల నుంచి నాన్న బండి మీద వచ్చిన ఒక పిల్లవాడి ముందు మొదటి బాక్సు సీలు తీశాను. లోపల డిస్కు లేదు. డిస్కు కూర్చోవాల్సిన చోట, గేమ్‌ను నెట్ నుంచి దించుకునే 12 అక్షరాల కోడ్ ఉన్న చీటీ ఒకటి పెట్టి ఉంది. బాక్సు వెనక అట్టడుగున, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనబడనంత చిన్నగా, లోపల డిస్కు లేదని రాసి ఉంది.

ఏదైతేనేం, ఆట ఆడితే చాలు కదా అని ఆ నాన్న సర్దుకోబోయారు. పిల్లవాడు అక్కడే ఫోన్‌లో తన అకౌంట్ తెరిచి కోడ్ కొట్టాడు. తీసుకోలేదు. మళ్లీ కొట్టినా తీసుకోలేదు. కారణం ఏమిటంటే ఆ సరుకు గల్ఫ్ నుంచి వచ్చింది. పీఎస్4, పీఎస్5 డిస్కు ఏ దేశానిదైనా మన మెషీన్‌లో ఆడుతుంది. కోడ్ అలా కాదు, ఏ దేశం ఆన్‌లైన్ స్టోర్ కోసం ఇచ్చారో ఆ దేశం అకౌంట్‌లోనే పడుతుంది. ఇండియా అకౌంట్ ఉన్న మన పిల్లలకు ఆ చీటీ దేనికీ పనికిరాదు.

డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేశాను. "ఇప్పుడు మాల్ అంతా ఇట్లనే వస్తున్నది సేట్. దుబాయ్ అకౌంట్ తెరిచి ఇయ్యి, అయిపోతది. వరంగల్‌ల ఇవన్నీ ఎవరు చూస్తరు?" అన్నాడు. చీటీ బయటికి తీసిన బాక్సు వాపస్ తీసుకోనన్నాడు. సీలు ఉన్నవాటికి కూడా డబ్బు ఇవ్వడట, తర్వాతి సరుకులో తగ్గిస్తాడట.

డబ్బు సంగతి పక్కన పెట్టండి, వరంగల్‌లో ఎవరు చూస్తారన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ పీఎస్5 డిస్కులో ఉన్నది దాదాపు 70 ఎంబీ మాత్రమేనని, మిగతా గేమ్ అంతా నెట్ నుంచి దించుకోవాల్సిందేనని నాకు మొదట చెప్పింది మన షాపుకు వచ్చే పాలిటెక్నిక్ కుర్రాడు. నిట్ హాస్టల్ పిల్లలు బాక్సు వెనక ప్రతి అక్షరం చదివి గానీ పైసలు తీయరు. వరంగల్‌లో అందరూ చూస్తారు. ఆ డిస్ట్రిబ్యూటర్‌తో లెక్క తేల్చుకున్నాను. ఇక అతని దగ్గరి నుంచి ఒక్క కేబుల్ కూడా మన షాపుకు రాదు.

అడ్వాన్స్ కట్టిన ప్రతి ఒక్కరికీ పూర్తి డబ్బు తిరిగి పంపాను. ఎవరికైనా అందకపోతే వచ్చి అడగండి. రసీదు లేకపోయినా ఫర్వాలేదు, పుస్తకంలో మీ పేరు ఉంది.

ఇక నన్ను ఇన్ని వారాలు నిద్రపోనివ్వని విషయం చెప్పాలి. మీలో చాలామంది షాపులోకి రాగానే అడుగుతున్నది అదే: "అన్నా, సెకండరీ అకౌంట్ ఉందా?"

తెలియని పెద్దవాళ్ల కోసం చెబుతున్నాను. ఒకడు ఒక అకౌంట్‌లో 4,999 రూపాయల గేమ్ డౌన్‌లోడ్ వెర్షన్ కొంటాడు. ఆ అకౌంట్ లాగిన్‌ను ఒకరికి ప్రైమరీ అని, ఇంకొకరికి సెకండరీ అని తక్కువ రేటుకు అమ్ముతాడు. ఒక్క గేమ్ మీద ఇద్దరు ముగ్గురి దగ్గర డబ్బు వస్తుంది. కొన్నవాడికి కూడా కొత్త గేమ్ చవకగా దొరికినట్టు ఉంటుంది. ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో ఈ బేరం జోరుగా నడుస్తోంది.

సాయంత్రాలు కౌంటర్‌లో కూర్చునే మా బామ్మర్ది ఇది మొదలుపెడదామని పట్టుబట్టాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాడు. షట్టర్ కిరాయి, కరెంటు బిల్లు, డిస్కుల మీద మిగిలేది, అకౌంట్ల మీద మిగలబోయేది. "బావా, మనం చెయ్యకపోతే పక్కోడు చేస్తడు. పిల్లలు ఆడికే పోతరు" అన్నాడు. అతని లెక్కలో తప్పు లేదు. పీఎస్5కు మొదటి నుంచే డిస్కు డ్రైవ్ లేని మోడల్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెషీన్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు అసలు డ్రైవే లేదు. 2024లో వచ్చిన పీఎస్5 ప్రోకు డ్రైవ్ విడిగా కొని బిగించుకోవాలి. బ్రిటన్‌లో ఒకప్పుడు ఊరూరా షాపులున్న పెద్ద గేమ్స్ చైన్ కూడా 2024లో పాత డిస్కులు తీసుకోవడం ఆపేసింది. గాలి ఎటు వీస్తోందో నాకూ తెలుసు.

దసరా నుంచి దీపావళి దాకా ఈ ఒక్క మాట మీదే ఇంట్లో రోజూ చర్చ. ఒకసారి సరేనని అకౌంట్ల కోసం విడిగా నోట్‌బుక్ కూడా కొన్నాం. కానీ చేతులు రాలేదు. అకౌంట్ అమ్మడానికి కంపెనీ నిబంధనలు ఒప్పుకోవు. అది పట్టుబడి ఆ అకౌంట్ మూసేస్తే అందులోని గేమ్‌లన్నీ పోతాయి. ఏ రాత్రో ఎవడో పాస్‌వర్డ్ మార్చేస్తే పిల్లవాడు ఫోన్ చేసేది నాకే. ఏం చెప్పాలి వాడికి? నేను అమ్మింది నాది కాదు, నువ్వు కొన్నది నీది కాదు అని చెప్పాలా? మా ఆవిడ చెప్పిన మాటతో తేలిపోయింది: "పొద్దున లేస్తే వాళ్ల అమ్మానాన్నలు కూరగాయల మార్కెట్లో నాకు ఎదురుపడుతరు."

కాబట్టి అకౌంట్లు అమ్మం, కిరాయికివ్వం. బామ్మర్ది ఇంకా అలిగే ఉన్నాడు. అయినా నా మాట మారదు.

డౌన్‌లోడ్ అంటేనే చెడ్డదని నేను అనడం లేదు. నెట్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్ సేల్‌లో చవకగా దొరికే పీసీ గేమ్‌ను అక్కడే కొనుక్కోమని నేనే పంపిస్తాను. కొత్త ల్యాప్‌టాప్‌లకు డీవీడీ డ్రైవే ఉండదు, పీసీ డిస్కుల కాలం ఎప్పుడో అయిపోయింది. డిస్కు ఉంటే చాలు, గేమ్ కలకాలం ఆడుతుందని కూడా చెప్పను. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను కంపెనీ 2024 మార్చి 31న ఆపేస్తే, డౌన్‌లోడ్ కొన్నవాళ్లతో పాటు డిస్కు ఉన్నవాళ్లకూ అది ఆడకుండా పోయింది. అందుకే అన్ని వేళలా నెట్ ఉంటేనే నడిచే గేమ్ డిస్కు మీద ఆ మాట స్కెచ్ పెన్నుతో రాసిన స్టిక్కర్ అంటించి అమ్ముతున్నాం. కాలిఫోర్నియాలో అయితే 2025 నుంచి చట్టమే వచ్చింది. డిజిటల్‌లో అమ్మేటప్పుడు, ఇస్తున్నది వస్తువు కాదు, లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి ముందే చెప్పాలి. మన దగ్గర నేను నోటితో చెబుతాను.

నాకు డిస్కు మీద పట్టుదల ఎందుకో మా అలమారా చూస్తే తెలుస్తుంది. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ పీఎస్4 డిస్కు ఒకటి ఉంది. ఎక్స్ఛేంజ్‌కు వచ్చి వెళ్లిన ప్రతిసారీ కవర్ కాగితం లోపలి వైపు బాల్‌పెన్నుతో చిన్న టిక్కు పెడతాను. టిక్కులు ఒక అంచు నిండి రెండో అంచుకు వచ్చాయి. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఆడింది, భూపాలపల్లి సింగరేణి కాలనీలో ఆడింది, నిట్ హాస్టల్‌లో ఎన్ని గదులు తిరిగిందో లెక్కే లేదు. కొత్తది కొనలేని పిల్లలు ఎంతమంది దాన్ని చివరిదాకా ఆడారో ఆ టిక్కులు చెబుతాయి. డౌన్‌లోడ్ కాపీ ఇలా నలుగురి చేతులు మారదు.

అందుకే ఎక్స్ఛేంజ్ ఆగదు. కాకపోతే పీఎస్4 పాత డిస్కులకు ఇచ్చే విలువ కొంత తగ్గుతుంది, తప్పడం లేదు. లోతు గీతలు పడ్డ పీఎస్4, పీఎస్5 డిస్కులు తీసుకోను, దయచేసి బతిమాలకండి. పీఎస్2 డీవీడీలకు పాలిష్ పట్టేవాళ్లం, ఎందుకంటే వాటిలో డేటా పొర ప్లాస్టిక్‌లో అర మిల్లీమీటరుకు పైగా లోతులో ఉంటుంది. పీఎస్4, పీఎస్5 డిస్కులు బ్లూ-రేలు, వాటిలో ఆ పొర మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. గట్టి పూత ఉంటుంది కాబట్టి మామూలు గీతలు పడవు, కానీ లోతుగా పడితే ఇక అంతే. టూత్‌పేస్టు రాసి తుడిచే పని అసలే చేయకండి. నింటెండో వాళ్ల స్విచ్ 2 మెషీన్ గేమ్-కీ కార్డులు తీసుకుంటాం. కానీ ఆ కార్డులో గేమ్ ఉండదు, నెట్ నుంచి దించుకోవాలి కాబట్టి రేటు తక్కువే.

కొత్త గేమ్‌లకు ప్రీ-బుకింగ్ పూర్తిగా ఆపేశాం. సరుకు నా కౌంటర్ మీదికి వచ్చాక, ప్రతి బాక్సూ నేను తెరిచి లోపల డిస్కు చూశాకే మీ దగ్గర డబ్బు తీసుకుంటాను. సీలు తీయని బాక్సే కావాలని దాచుకునేవాళ్లు అడుగుతున్నారు. వాళ్లకు నా దగ్గర దొరకదు. కోడ్ చీటీ పెట్టిన బాక్సు ఎంత చవకగా ఇస్తామన్నా మన అలమారాలోకి ఎక్కదు.

ఇంట్లో ఫైబర్ లైన్ లేక ఫోన్ డేటాతో అవస్థ పడే నర్సంపేట, పరకాల, ములుగు వైపు వాళ్లకు ఒక కొత్త ఏర్పాటు చేశాం. మీ మెషీన్ సాయంత్రం ఇచ్చి వెళ్తే రాత్రంతా షాపు లైన్‌కు పెట్టి అప్‌డేట్లన్నీ ఎక్కించి పొద్దున ఇస్తాం, 50 రూపాయలు. మీ పాస్‌వర్డ్ మాకు చెప్పొద్దు, మీరే లాగిన్ చేసి ఇవ్వండి. కంట్రోలర్ స్టిక్ దానంతట అదే పక్కకు జరగడం, ఫ్యాన్ మోత, హెచ్‌డీఎంఐ పోర్టు పనులు ఎప్పటిలాగే చేస్తాం.

వేరే సప్లయర్ దగ్గరి నుంచి కొత్త డిస్కులు వచ్చే వారం వస్తాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేసి, మీకు కావాల్సిన డిస్కు తెరిచి చూశామో లేదో అడిగి రండి.