ఇకమీదట కళ్లు వెయ్యం

నమస్తే అండి. సత్యనారాయణపురంలో మా మేడ మీద నడిచే ఈ చిన్న వర్క్‌షాపుకి టేబుల్ మీద యుద్ధాల ఆటకి వాడే బుల్లి సైనికుల బొమ్మలు, సైన్యాలకి సైన్యాలే, రంగులేయమని పంపే వాళ్లందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నాను. దసరా తర్వాత తీసుకునే ఆర్డర్లలో షోకేస్ గ్రేడ్, అంటే దగ్గర పెట్టుకుని చూసినా ప్రతి వివరం కనపడేలా వేసే పని, ఉండదు. 28 మిల్లీమీటర్ల ఎత్తు సిపాయికి కనుగుడ్లు, ఒక్కో బొత్తాం మీద మెరుపు, టోపీ లేసులో నేత గీతలు ఇక వెయ్యం. పటాలం మొత్తం టేబుల్ మీద నిలబెట్టి మూడడుగుల దూరం నుంచి చూస్తే నిండుగా కనపడాలి. ఆ పని మాత్రం చేస్తాం.

డబ్బుల కోసమేనా అంటే, సగం అవును, దాచడమెందుకు. ఒక షోకేస్ బొమ్మకి పట్టే టైములో మామూలువి ఏడెనిమిది అయిపోతాయి. రేటేమో మూడింతలకి మించి అడగలేను. అడిగినా మీరివ్వరు.

మిగతా సగం చందుర్తి పుణ్యం. హైదరాబాద్ కస్టమర్ ఒకాయన 1758 డిసెంబరు నాటి చందుర్తి యుద్ధానికి రెండువైపులా సైన్యాలు చేయించుకున్నారు. బొబ్బిలి యుద్ధమంటే మనలో తెలియని వాళ్లుండరు. దాని మరుసటేడే మన పిఠాపురం పక్కన జరిగిన ఈ యుద్ధం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఉత్తర సర్కార్లు, అంటే అప్పటి మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివాళ్ల చేతిలోంచి జారిపోవడం అక్కడే మొదలైంది. ఒకవైపు కాన్‌ఫ్లాన్స్ కింద ఫ్రెంచి సైన్యం. రెండోవైపు బెంగాల్ నుంచి ఓడల్లో దిగిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, ఆయనకి తోడు విజయనగరం ఆనంద గజపతిరాజు. తెల్ల సైనికులు రెండు వైపులా 500కి అటూఇటూ. సిపాయిలు ఇంగ్లీషు వైపు దాదాపు 2,000, ఫ్రెంచి వైపు 6,000.

ఫోర్డ్ సిపాయిలకి ఎర్ర కోట్లు. దూరం నుంచి ఆ ఎరుపు చూసి, ఇంగ్లీషు తెల్ల పటాలం ఇదేననుకుని ఫ్రెంచి పటాలం వాళ్ల మీదకి మళ్లింది. అసలు తెల్ల పటాలమేమో ఏపుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది. అది పక్కనుంచి వచ్చి కొట్టేసరికి ఫ్రెంచివాళ్లు చెదిరిపోయారు. నాలుగు నెలలు తిరిగేసరికి, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కోట కూడా పోయింది.

ఆ సిపాయిలకి రంగేస్తున్నన్నాళ్లూ నాకు ఇదే ఆలోచన. తుపాకులు ఒక్క విడత పేలితే మైదానమంతా తెల్ల పొగ. మనవాడెవడో పగవాడెవడో తెలియాలనే ఆ కాలంలో ప్రష్యాకి ముదురు నీలం, ఆస్ట్రియాకి తెలుపు, రష్యాకి ఆకుపచ్చ. ఆ కోట్లు కుట్టించిందే దూరం నుంచి గుర్తుపట్టడానికి. మనం భూతద్దం పెట్టుకుని కందిగింజంత తలలో కళ్లు వెతుక్కుంటున్నాం.

దూరానికి వేయడమంటే తేలిగ్గా వదిలేయడం అనుకోకండి. ఎర్రకోటుకి నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి మొదట కొట్టే పూత) మీద ముందు మెరూన్, ఆరాక ఎరుపు, భుజాల మీదా మోచేతి మడతల మీదా కొంచెం నారింజ. తెలుపు కలిపితే గులాబీరంగు తిరిగి సిపాయి పెళ్లి బ్యాండువాడైపోతాడు. ఛాతీ మీద అడ్డంగా వేసుకునే తోలు పట్టీలకి మొదట బూడిద గోధుమ, తర్వాత మాసిన తెలుపు, అసలు తెలుపు పై అంచుకి మాత్రమే. పట్టీకి రెండువైపులా సన్నగా నలుపు వదలాలి. మూడడుగుల్లో ఎరుపునీ తెలుపునీ విడగొట్టి చూపించేది ఆ గీతే. ప్రష్యా వాళ్లకైతే నీలం అసలు కన్నా రెండు మెట్లు తేల్చి వేస్తాం, లేకపోతే టేబుల్ మీద నల్లకోట్లలాగే కనపడతాయి. ఫొటో చూసి “నీలం ఎక్కువైంది” అనేవాళ్లు దయచేసి బొమ్మలు చేతికొచ్చాక మాట్లాడండి.

ఈ నిర్ణయానికి మొదట అడ్డం తిరిగింది మా అక్కే. ఆమెది కొండపల్లి. తెల్ల పొణికి చెక్క బొమ్మలకి చిన్నప్పటినుంచీ రంగులేసిన చెయ్యి. “కళ్లు లేకపోతే అది బొమ్మెట్లా అయిద్ది తమ్ముడూ? గుళ్లో విగ్రహానికైనా ఆఖర్న కళ్లు తెరిపిస్తారు గదా” అంది. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఒప్పందానికొచ్చాం. గుర్రం మీది సేనానికీ, జెండా పట్టినవాడికీ అక్క కళ్లు వేస్తుంది, దానికి ఎక్స్‌ట్రా లేదు. మిగతావాళ్లకి కనుబొమల కింద ముదురు గోధుమ నీడ చాలు, మూడుమూలల టోపీ కింద ఎలాగూ అంతకన్నా కనపడదు.

ఇప్పుడు ఆలస్యాల సంగతి. వానాకాలంలో మన బెజవాడ గాలిలో మ్యాట్ వార్నిష్ (రంగు పోకుండా ఆఖర్న వేసే మెరుపులేని పూత) స్ప్రే కొడితే తేమ లోపల చిక్కుకుని ఎర్రకోటు మీద తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. ఎండాకాలం ఇంకో బాధ, ప్రైమర్ గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసకలా పడుతుంది. అందుకని వేసవిలో తెల్లారకముందే ప్రైమర్ కొట్టేస్తాం, వానల్లో వార్నిష్ బ్రష్‌తోనే. బ్రష్ పని నిదానం. ఆగస్టు, సెప్టెంబరు ఆర్డర్లకి మామూలు గడువు మీద మూడు వారాలు కలుపుకోండి. “ఏసీ గదిలో కొట్టొచ్చుగా” అని ఒకరన్నారు. ఆ వాసనలో ఆయన వచ్చి కూర్చుంటానంటే నాకేం అభ్యంతరం లేదు.

కొత్త రేట్లు: కాల్బలం బొమ్మ ఒక్కోటి ₹260, గుర్రంతో రౌతు ₹550, ఫిరంగి దాని మనుషులతో కలిపి ₹1,400. బేస్ మీద ఇసక, గడ్డి ఇందులోనే. చందుర్తికి చేసినట్టు చేను కావాలంటే వేరే. అడ్వాన్స్ సగం. షోకేస్ గ్రేడ్‌కి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకి ఒప్పుకున్నట్టే చేసిస్తాం, కళ్లతో సహా.

పంపేటప్పుడు బొమ్మలన్నీ ఒకే డబ్బాలో గుమ్మరించకండి. తుపాకి కొసన ఉండే తెల్ల లోహం కత్తి, బాయ్‌నెట్, ఒకసారి వంగితే సరిచేస్తాం, రెండోసారి విరుగుతుంది. స్పాంజిలో పొదిగి, ఏ పటాలానికి ఏ రంగు కాలరో కాయితం మీద తెలుగులోనే రాసి పెట్టండి. నవంబరుకి రెండు పటాలాలు పట్టే ఖాళీ ఉంది, ముందు అడ్వాన్స్ వేసినవాళ్లకే.